తిని కూర్చున్న అక్షరాలు

ఆదోనిలో మా బావ పోయాడని అక్క కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకున్న మనిషి మళ్ళీ లేవలేదట. ఒకప్పుడు ఆదోని, ఎమ్మిగనూరు ఊళ్ళలో అంగళ్ళ బోర్డులూ మిల్లుల గోడలూ రాసిన పెయింటరు ఆయన. ఎవరి చేతా చాకిరీ చేయించుకోకుండా వెళ్ళిపోయాడు. ఏడవడానికి తర్వాత టైముందిలే అనుకుని, ఎమ్మిగనూరులో దొరికిన మొదటి బస్సెక్కాను.

వాళ్ళ వీధి మొదట్లో ఆటో దిగేసరికే ఫ్లెక్సీ కట్టి ఉంది. మనిషి ఇంకా ఇంట్లోనే పడుకుని ఉన్నాడు, ఫ్లెక్సీకి అప్పుడే తాడు బిగించేశారు. దాని మీద ‘కన్నీటి నివాళి’ అని బెలూన్లలాగా ఉబ్బిన అక్షరాలు, పసుపు రంగులో, గులాబీ అంచుతో. ప్రతి అక్షరం బుగ్గ మీదా ఒక తెల్లటి మెరుపు చుక్క. పుట్టినరోజు కేకు మీద రాసినట్టుంది. తీసేయించరా అని మా అక్క కొడుకుతో అన్నాను. వాడు ఎర్రటి కళ్ళతో నన్ను చూసి, “నాయిన అచ్చరాలే గదా సిన్నమ్మా, అట్లుంటేనే బాగుంటాదని మేమే అడిగి ఏపిచ్చినాం” అన్నాడు. నేను ఫ్లెక్సీ జోలి వదిలేసి ఇంట్లోకి నడిచాను.

ఎందుకంటే వాడు చెప్పింది నిజమే. ఆ ఉబ్బు, ఆ ఊగులాట, ఆ మెరుపు చుక్క అన్నీ మా బావవే. ఆ అక్షరాలంటే నాకు మొదటినుంచీ రోత. పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు రాయాలంటారు. రాస్తాను. కానీ ఆ అక్షరాలు అందంగా ఉంటాయని మాత్రం నా చేత ఎవరూ అనిపించలేరు. బతికుండగా ఆయన ముఖానే అనని మాట ఇప్పుడు అంటే ఆయనే నవ్వుతాడు.

నేను ఆడవాళ్ళ బట్టలు కుట్టేదాన్ని. కొలత కొలతలా ఉండాలి, కుట్టు నిలబడాలి, ఎక్కడా పిగలకూడదు, ఎక్కడా వేలాడకూడదు అన్నది నా పద్ధతి. మా బావ అక్షరానికి కొలత అనేది లేదు. తెలుగు అక్షరాలు ముందే గుండ్రటివి, వాటికి ఇంకా కండ పట్టిస్తే లోపల గాలి ఆడడానికి సందు మిగలదు. ఆయన రాసిన ‘మ’ గవదబిళ్ళలు లేచిన పిల్లాడి ముఖంలా ఉండేది. ‘ల’ బాలింతలా కాళ్ళు చాపుకుని కూర్చునేది. పక్క అక్షరం మీద వాలిపోయి, కింద ఒత్తును తొక్కేసి, తలకట్టును టోపీలా ఓరగా పెట్టుకుని, ఒక్కటీ సొంత కాళ్ళ మీద నిలబడి ఎరగదు. ఒళ్ళంతా పసుపు, చుట్టూ ఎరుపు, వెనక నీలం నీడ. చివర్న ఆ తెల్ల చుక్క పెట్టి, వెనక్కి జరిగి, తల పక్కకు వాల్చి చూసుకునేవాడు, పెళ్ళికూతురికి దిష్టిచుక్క పెట్టిన పేరంటాలిలాగా.

డెబ్బైలలో నేను ఎమ్మిగనూరులో టైలరు అంగడి పెట్టుకున్నప్పుడు బోర్డు ఎవరు రాయాలనే ప్రశ్నే రాలేదు. ఇంటి అల్లుడు ఉండగా బయటివాళ్ళ చేత రాయిస్తే మా అమ్మ ఊరుకునేదా. సన్నగా, నీటుగా రాయి బావా, రవికలు కుట్టే చోటు అని ముందే చెప్పాను. సరే సరే అన్నాడు. మరుసటి రోజు బోర్డు తీసుకొచ్చి తగిలించాడు. ‘లేడీస్ టైలర్’ అన్న అక్షరాలన్నీ కుట్లు పిగిలిపోయే రవికలు తొడుక్కున్నట్టున్నాయి. మగ్గాల వీధి ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. “ఇట్లుంటే నా దగ్గరికి ఎవరొస్తారు బావా” అన్నాను. ఆయన నిచ్చెన మీదనుంచి దిగకుండానే, “ఏమ్మే మరదలు పిల్లా, ఆ బోర్డు సూసినోళ్ళకు ఒకటి తెలుస్తాది. ఈయమ్మ గుడ్డ మిగుల్చుకోదు, ఒంటికి తగినంత ఇడుస్తాది అని” అన్నాడు. ఆ తర్వాత మాధవరం నుంచి వచ్చేవాళ్ళు కూడా బస్టాండులో ‘బొద్దు బోర్డు అంగడి’ అని అడిగి వచ్చేవాళ్ళు. నా పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. అదీ నాకు మంటే.

మనిషి అలవాట్లు కూడా ఆ అక్షరాలకు తగ్గట్టే ఉండేవి. కుంచె నోట్లో పెట్టుకుని పెదవులతో మొన చేసేవాడు. పెదవి మీద ఎప్పుడూ ఏదో ఒక రంగు ఎండిపోయి ఉండేది. చేతులు లుంగీకి తుడుచుకునేవాడు, లుంగీ ఎండి అట్టలా నిలబడేది. ఆయన తాగిన మజ్జిగ గ్లాసు టర్పెంటైను వాసన కొట్టేది, ఎన్ని మార్లు తోమినా పోదు. మా ఇంటికొస్తే ఆయన గ్లాసు వేరేగా పెట్టేదాన్ని. దాన్ని ఆయన మర్యాద అనుకుని మురిసిపోయేవాడు.

ఏ బోర్డుకు ఏ అక్షరం తగుతుందనే విచారణ ఆయనకు లేనే లేదు. సోడా అంగడికి, ఐసు బండికి, టూరింగు టాకీసుకు ఆ అక్షరాలు రాస్తే నేనూ ఒప్పుకుంటాను. ఎండలో నడిచే పిల్లవాడికి ఆ ‘ఐస్’ అన్న మాట చూస్తేనే నోట్లో నీళ్ళు ఊరేవి. కానీ మూలశంక వైద్యుడి గోడ మీద కూడా అవే. ఆ రోగం పేరు అంత లావుగా, అంత నవ్వుతూ రాస్తే రోగి లోపలికి ఎట్లా పోతాడు? ఇంకో చోట ఒక మిల్లు వెనక గోడకు జనం వచ్చి నిలబడుతున్నారని, ‘ఇక్కడ మూత్రం పోయరాదు’ అని రాయమన్నారు. మా బావ రాశాడు. నిండా పసుపు, ఎర్ర అంచు, మెరుపు చుక్కలు. అంత ముచ్చటగా పిలుస్తుంటే రాకుండా ఎవరుంటారు? అంతకుముందు చీకటి పడ్డాక వచ్చేవాళ్ళు పట్టపగలే రావడం మొదలుపెట్టారు. ఆ గోడ పక్కనుంచి అక్క ఇంటికి పోవాలంటే నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పరిగెత్తేదాన్ని. ఆ కంపు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఇదేం పని బావా అని అడిగితే, “వాళ్ళు అచ్చరం సదువుకుంటా నిలబడ్తాండారు, నేనేం సేసేది” అన్నాడు.

అక్షరం రాసే పద్ధతి కూడా లోకానికి ఎదురే. ఎవరైనా ఒక అక్షరం పూర్తిచేసి తర్వాతి అక్షరం మొదలుపెడతారు. ఈయన ముందు కడుపు గీసేవాడు. గోడ మీద దారం పట్టి సుద్దతో గీత కొట్టి, ఆ గీత మీద వరసగా గుండ్రటి కడుపులు మాత్రం గీసుకుంటూ పోయేవాడు. అన్ని కడుపులూ సరిపోయాయని తేలాక అప్పుడు తలకట్లు, గుడులు, కొమ్ములు. అంతవరకూ అది ఏ మాటో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. ఎందుకట్లా అంటే ఆయన ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది: “ముందు కడుపు నిండాల. తల దానంతటదే నిలబడ్తాది.”

దానికి వెనక ఒక సంగతి ఉందని అక్క చెప్పగా విన్నాను. ఆయనది హాలహర్వి వైపు మెట్టపల్లె. వానొస్తే జొన్న, రాకపోతే అదీ లేదు. చిన్నప్పుడు బడిలో పలక మీద అక్షరాలు దిద్దుతుంటే, అయ్యవారు ఎందుకురా ఇంత లావుగా దిద్దుతావు అని చెవి మెలిపెట్టాడట. సన్నగా దిద్దితే ఆకలిగొన్నట్టు కనిపిస్తాయని ఈయన ఏడ్చాడట. పెద్దయ్యాక అదే మాటను నవ్వుతూ చెప్పేవాడు. “మన సీమలో మనుసులు ఎట్లాగూ బక్కసిక్కి ఉండారు. అచ్చరమన్నా తిని కూకున్నట్టు ఉండాల.” ఆ మాట విన్న తర్వాత కూడా నాకు ఆ అక్షరాలు నచ్చలేదు. నాకు జాలి వేరు, ఇష్టం వేరు.

ఎనభైలలో ఒక ఏడు వాన మొహం చాటేసింది. పొలాలు బీటలిచ్చాయి, పత్తి రాలేదు, మిల్లులు సగం రోజులు మూతబడ్డాయి. మిల్లు మూతబడితే బోర్డు ఎవరు రాయిస్తారు? అంగళ్ళవాళ్ళు ఉన్న బోర్డు తుడుచుకుని సరిపెట్టుకున్నారు. మా బావకు మిగిలింది ఒకే ఒక్క ఆసామి. నూనె మిల్లు, పత్తి మిల్లు రెండూ ఉన్న షావుకారు. ఆయన మిల్లు గోడలు, నూనె డబ్బాలు, లారీల వెనక తలుపులు, అన్నిటి మీదా మా బావ రాతే. ఆ పని నిలబడితే అక్క ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, లేకపోతే లేదు.

ఆ షావుకారు పల్లెలనుంచి వచ్చినవాళ్ళకు మిల్లు ఆవరణలో గంజి పోయించడం మొదలుపెట్టాడు. గంజి పోయించడం మంచిదే, కాదనను. కానీ గంజి పోసిన రెండో రోజే గోడ మీద పేరు కావాలన్నాడు. రోడ్డున పోయే బస్సులోంచి కనిపించేంత పెద్దగా, ‘అన్నదాత’ అని ముందు, ఆ వెనక తన పేరు. అదీ మామూలు అక్షరాల్లో కాదట, ఆ నవ్వే అక్షరాల్లోనే కావాలట. ఇది బాగా రాస్తే రెండు మిల్లుల గోడలూ మళ్ళీ కొత్తగా రాయిస్తానన్నాడు. అక్క సంతోషంతో నాకు కబురు పంపింది. మరుసటి రోజు నేను ఆదోని వెళ్ళాను. అక్కా నేనూ కలిసి ఆయనకు రొట్టె కట్టుకుని మిల్లు దగ్గరికి నడిచాం.

అక్కడ చూసింది చెప్పాలంటే ఇప్పటికీ నోరు చేదెక్కుతుంది. ఎండలో వరస. చేతుల్లో సత్తు గిన్నెలు, చెంబులు, పగిలిన మూకుళ్ళు. గంజి పెద్ద గంగాళంలో ఉంది, కానీ గరిటె పైకెత్తితే మెతుకు అడుగునే ఉండిపోయేది. గిన్నెలోకి వచ్చింది నీళ్ళే, ఆ నీళ్ళలో ఆకాశం కనిపించేది. పురుగు పట్టిన నూకలు కాబోలు, తెల్లటివి రెండు మూడు పైన తేలుతూ ఉన్నాయి. గంగాళం అంచున ఈగలు నల్లగా ముసిరాయి. షావుకారు నీడలో కుర్చీ వేసుకుని, చేతిరుమాలుతో మూతి తుడుచుకుంటూ గోడ వైపు చూస్తున్నాడు. వరస వైపు చూడడం లేదు.

మా బావ కర్రలతో కట్టిన సారువ మీద నిలబడి ఉన్నాడు. తన పద్ధతి ప్రకారం గోడ ఈ కొసనుంచి ఆ కొసదాకా సుద్దతో కడుపులు గీసేశాడు. ఇంకా తలలు పెట్టలేదు. వరసలో ఉన్నవాళ్ళ నెత్తి మీద మనిషంతేసి కడుపులు, ఒకదాని పక్కన ఒకటి, ఒకదాన్ని ఒకటి ఒరుసుకుంటూ. అంత పెద్దవి ఆయన అంతకుముందు ఎప్పుడూ గీయలేదు.

వరసలో ఒక ముసలామె ఉంది. ఎండిన కట్టెలాంటి మనిషి. మాటను బట్టి హాలహర్వి వైపామె. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని గోడను చాలాసేపు చూసింది. తర్వాత మా బావను పిలిచింది. “ఓ అప్పా, ఎవురివి అయ్యి, పొట్టలు? సావుకారువేనా?”

వరసంతా నవ్వింది. పళ్ళు తప్ప ముఖాల్లో ఏమీ లేనివాళ్ళు నవ్వితే ఎట్లా ఉంటుందో నేను అప్పుడే చూశాను. ఆమె ఎగతాళిగా అనలేదు. చదువు రాని మనిషి, కనిపించింది అడిగింది, అంతే. మా బావ కిందికి చూశాడు. ఆమెది తన పల్లె మాట. తర్వాత తను గీసిన గోడ చూశాడు. సారువ దిగి, గోడ మొదట్లోకి పోయి, భళ్ళున వాంతి చేసుకున్నాడు. పొద్దుటినుంచి ఏమీ తినలేదేమో, పసుపు నీళ్ళు తప్ప ఏమీ రాలేదు. అక్క పరిగెత్తి పోయి తల పట్టుకుంది.

ఆయన మూతి తుడుచుకుని, తడిగుడ్డ తీసుకుని మళ్ళీ సారువ ఎక్కాడు. ఒక్కో కడుపునూ తుడిచేస్తూ పోయాడు. షావుకారు కుర్చీలోంచి లేచి ఏమిటని అడిగాడు. మా బావ గోడ వైపే తిరిగి ఉండి చెప్పిన మాట నేను నా చెవులతో విన్నాను.

“పేరు సన్నగా రాస్తా సావుకారీ. గంజి సిక్కగా పోయించు.”

షావుకారు మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. మనిషిని పంపి ఆయన్ని సారువ దింపించాడు. ఆ సాయంత్రానికే లారీల పని లేదన్నారు, డబ్బాల పని లేదన్నారు. వారం తిరిగేసరికి ఇంకెవరో పెయింటరు వచ్చి ఆ గోడ మీద అచ్చం మా బావ తరహాలోనే లావు లావు అక్షరాలు దించిపోయాడు. తెల్ల చుక్కలతో సహా. గంజి మాత్రం ఎప్పటిలాగే పల్చగా ఉంది. ఆ దారిన బస్సులో పోవాల్సి వచ్చినప్పుడల్లా నేను తల అవతలివైపు తిప్పుకునేదాన్ని. ఆ మూత్రం గోడ కంపు దీనికంటే నయమనిపించేది.

ఇంట్లో అక్క ఊరుకోలేదు. ఊరుకోవాలని ఎవరంటారు? పిల్లల కడుపు మాడ్చి గోడ మీద పౌరుషం చూపించడమేమిటని నిలదీసింది. ఆయన కుంచెలు సంచిలో వేసుకుని పని వెతుక్కుంటూ బయటికి పోయాడు. ఎద్దుల కొమ్ములకు రంగులు వేశాడు, తలుపులకు నంబర్లు వేశాడు, ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గరికి పోయాడు. రొట్టెలు చేసిన రోజు పిల్లలకు, అక్కకు మాత్రమే సరిపోయేవి. ఆయన గడప దాటి లోపలికి వస్తూనే, “నేను ఆడనే తినొచ్చినాలే” అనేవాడు. యాడ తిన్నావు అని అక్క అడిగేది కాదు. తినలేదని ఆమెకు తెలుసు, తెలుసని ఆయనకు తెలుసు. ఆ ఏడంతా ఆ ఇంట్లో ఆ అబద్ధం ఒక్కటే రోజూ ఉడికింది.

అప్పుడే ఒక మధ్యాహ్నం నేను పోయేసరికి, పని లేక కూర్చున్న మనిషి, మిగిలిన రంగులన్నీ ముందేసుకుని వంటింటి డబ్బాలు రాస్తున్నాడు. ‘కందిపప్పు’, ‘బెల్లం’, ‘బియ్యం’. జొన్నలకే గతిలేని ఇంట్లో బియ్యం డబ్బా. పండగ నాడు తప్ప దానిలో గింజ పడి ఎరగదు. దాని మీద మిగతా వాటికంటే లావుగా రాశాడు. ‘బి’ కడుపు డబ్బాను సగం కమ్మేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఖాళీ డబ్బాకు ఇంత లావు పేరా బావా, ఎవరిని ఎక్కిరించడానికి అన్నాను. ఆయన తెల్ల చుక్క పెట్టి, తల పక్కకు వాల్చి చూసుకుని, “పేరు ముందు తిననీలే మరదలా. గింజలు ఎనకాలొస్తాయి” అన్నాడు.

మరుసటి ఏడు వాన పడింది. బోర్డులు మళ్ళీ వచ్చాయి, మళ్ళీ అవే ఉబ్బు అక్షరాలు, మళ్ళీ నా సణుగుడు. ఆ షావుకారు పని మాత్రం మళ్ళీ రాలేదు, ఈయనా అడగలేదు. ఆ గోడ సంగతి మా ఇళ్ళలో ఎవరూ ఎత్తేవాళ్ళం కాదు. నేను ఆయన్ని తిడుతూనే ఉన్నాను, ఆయన నేను వేరేగా పెట్టిన గ్లాసులో మజ్జిగ తాగుతూనే ఉన్నాడు. కానీ ఒకటి చెప్పాలి. పెద్దపెద్ద మాటలు మాట్లాడినవాళ్ళను చాలామందిని చూశాను. సొంత చేతి గీతను చూసి రోతపుట్టి, సొంత చేత్తోనే తుడిచేసినవాణ్ణి ఆయన్నొక్కణ్ణే చూశాను. అందుకు ఆయనకు నేను చెయ్యెత్తి మొక్కుతాను.

మొన్న ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టి, కావలసినవన్నీ సర్దుతున్నారు. నోట్లో వేయడానికి బియ్యం తెమ్మన్నారు. ఎవరో ప్లాస్టిక్ సంచిలోంచి కొత్త బియ్యం పళ్ళెంలో పోయబోయారు. అక్క వద్దంది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచి, తనే వంటింట్లోకి పోయి, ఆయన అప్పుడు రాసిన బియ్యం డబ్బా పొట్టకు ఆనించుకుని తెచ్చింది. నేను దాన్ని చూసి చాలా ఏళ్ళయింది. మూత తుప్పు పట్టింది. నిండా బియ్యం ఉన్నాయి.

అక్క ఆయన తల దగ్గర కూర్చుంది. గుప్పెడు బియ్యం తీసి, పెదవుల మధ్య కొద్దికొద్దిగా వేసింది. ఏడవలేదు. మామూలుగా మాట్లాడినట్టుగా ఆయనతో మెల్లగా అంది.

“ఈపొద్దన్నా తినొచ్చినానని సెప్పగాకు.”

డబ్బా ఆమె ఒళ్ళోనే ఉంది. ఇన్నేళ్ళు రోజూ ఆమె చెయ్యి ఆనిన చోట ‘బి’ కడుపు మీద పసుపు రంగు అరిగిపోయి, లోపలి రేకు తెల్లగా బయటపడింది.